గద్దబండ మీద మనిషి

శవం బోర్లా పడి ఉంది.

ఎడమ కాలు కింద మడతపడింది. కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. ఆ చేతికి జానెడు దూరంలో టార్చిలైటు. రాళ్ళ సందులో కళ్ళజోడు, ఒక అద్దం పగిలి. తెల్లరంగు డబ్బా ఒకటి మూత ఊడి దొర్లింది. ఎండుటాకుల మీద పాలు ఒలికినట్టు రంగు పారి, ఆరిపోయింది.

ఇన్‌స్పెక్టర్ దయానందం గొంతుక్కూర్చుని చూశాడు. 1961 జనవరి 19, గురువారం. టైము సాయంత్రం నాలుగూ ముప్ఫై అయిదు.

తలెత్తాడు. పైన నలభై అడుగుల ఎత్తున గద్దబండ. పేరుకు తగ్గట్టే, గద్ద ముక్కులాగా ముందుకు వంగిన రాయి.

"పొద్దున పదింటికి, వెతుక్కుంటూ వచ్చిన తోటివాళ్ళు చూశారండి," అన్నాడు మైలవరం సబిన్‌స్పెక్టర్ గోవర్ధనరావు. "మీరు వచ్చేదాకా కదపొద్దని ఎస్పీగారు ఫోన్ చేశారు. పంచనామా మాత్రం అయింది."

చనిపోయింది రత్నరాజు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. బందరులో ఒక మిషన్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు.

మైలవరం దాటి అడవిలో పన్నెండు మైళ్ళు వెళ్తే తేనెగుండం. చుట్టూ కొండలు, మధ్యలో మంచినీళ్ళ చెరువు. ఉప్పునీళ్ళ ఊరైన బందరు నుంచి వచ్చినవాడెవడైనా మొదట ఆ నీళ్ళు దోసిలితో తాగి, తర్వాత కొండల వంక చూస్తాడు. చెరువు చుట్టూ మూడు కాలిబాటలున్నాయి. నీటి అంచున గట్టుదారి. కొండ నడుమున నడిదారి. శిఖరాల వెంట పైదారి. ఫిబ్రవరిలో స్కౌట్ల హైకింగ్ క్యాంపు పెట్టాలని స్కూలు వాళ్ళు నిర్ణయించారు. బాటల పొడవునా రాళ్ళ మీద రంగుతో గుర్తులు పెట్టడానికి, మ్యాపు గీయడానికి నలుగురు సోమవారమే వచ్చి ఫారెస్టు బంగళాలో దిగారు.

రత్నరాజు. స్కౌట్ మాస్టరు కృపావరం. బందరు కోనేరు సెంటర్లో ఫొటో స్టూడియో పెట్టుకున్న యాకూబ్. వంటమనిషి బాజి.

ఇప్పుడు ముగ్గురున్నారు.

"ఎలా పడ్డాడంటారు?" దయానందం అడిగాడు.

"పడలేదండి. తోశారు." గోవర్ధనరావు రుమాలు విప్పి చూపించాడు. లోపల చొక్కా గుండీ, దాన్ని పట్టుకుని చింపిన గుడ్డముక్క. "ఇది బండ మీద దొరికింది. ఆయన చొక్కాదే. పడేముందు ఎవరో రొమ్ము దగ్గర పట్టుకున్నారు."

దయానందం లేచాడు. అవతలి ఒడ్డున, తూర్పుకొండ పాదంలో బంగళా కనిపిస్తోంది. మధ్యలో అరమైలు నీళ్ళు.

* * *

బంగళా మెట్ల దగ్గర కృపావరం ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. పొడుగ్గా, బలంగా ఉంటాడు. దయానందాన్ని వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వే రావాలని ఎస్పీగారికి ట్రంక్ కాల్ చేయించాను తమ్ముడూ. ఇంకెవరూ వద్దన్నాను."

"ఊరుకో అన్నయ్యా. వచ్చానుగా."

ఆ 'అన్నయ్య' అనే పిలుపు నాలుగేళ్ళనాటిది. ఇదే చెరువులో దయానందం సొంత తమ్ముడు తోమాసు పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. అదే స్కూల్లో కొత్తగా చేరిన డ్రిల్లు మాస్టరు. చెరువు నడిమధ్యలో తాటిదోనె తిరగబడింది. కృపావరం ముప్ఫై అడుగుల లోతుకు మూడుసార్లు మునిగాడు. మూడోసారి శవంతో లేచాడు. తడిబట్టలతోనే శవాన్ని బందరు తెచ్చి తల్లి మార్తమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, "అమ్మా, నన్ను క్షమించు, బతికించలేకపోయాను," అన్నాడు. ఆ సాహసానికి కలెక్టరు చేతుల మీదుగా మెడల్ ఇచ్చారు. మార్తమ్మ మాత్రం అంతకన్నా పెద్దదే ఇచ్చింది. అప్పటినుంచి ఆయన్ని పెద్దకొడుకంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన భోజనం ఆ ఇంట్లోనే.

దయానందం నోట్‌బుక్ తీశాడు. "తప్పదన్నయ్యా. అడగాలి."

"అడుగు."

"రత్నరాజుని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పొద్దున ఆరూ యాభైకి."

"అంత కచ్చితంగా?"

"వరండాలో టీ తాగుతూ వాచీ చూసుకున్నాను. ఎదురుగా గద్దబండ మీద నిలబడి ఉన్నాడు. ఎండ మొహాన పడి కళ్ళజోడు తళుక్కుమంది. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను."

"ఇంకెవరు చూశారు?"

"బాజి. టీ తెచ్చింది తనే."

"తర్వాత?"

"తొమ్మిదిన్నర దాకా బంగళా కదల్లేదు. కావలిస్తే బాజిని అడుగు."

"యాకూబ్ ఎక్కడున్నాడు?"

కృపావరం తల దించుకున్నాడు. "నా నోటితో ఎందుకులే తమ్ముడూ. ఆరున్నరకి కెమెరా పట్టుకుని బయల్దేరాడు. పిట్టల ఫొటోలన్నాడు. బుధవారం సాయంత్రం మాత్రం ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. అంతవరకే నాకు తెలుసు."

దయానందం ప్రతి ముక్కా రాసుకున్నాడు. చదివి వినిపించాడు. కృపావరం సంతకం చేశాడు.

మైలవరం డాక్టరు శవాన్ని చూసి ఒకటే మాట అన్నాడు. "అయిదుకీ ఎనిమిదికీ మధ్య. అంతకన్నా కచ్చితంగా చెప్పలేను."

గోవర్ధనరావు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "ఆరూ యాభైకి మనిషి బతికున్నాడు. అప్పుడు కృపావరంగారు, బాజి బంగళాలో ఉన్నారు. ఇక మిగిలింది యాకూబ్. రేపు అరెస్టు చేద్దామండి."

"రేపు చూద్దాం," అన్నాడు దయానందం.

* * *

శుక్రవారం ఇంకా చీకటుండగానే అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. దుప్పటి కప్పుకుని వరండాలో కుర్చీ వేసుకున్నాడు. అమావాస్య వెళ్ళి నాలుగు రోజులు. చెరువు మీద చలి గడ్డకట్టినట్టుంది.

బాజి టీ తెచ్చిపెట్టాడు.

ఆరూ యాభైకి దయానందం వాచీ చూశాడు. గద్దబండ వైపు చూశాడు. మళ్ళీ వాచీ చూశాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అక్కణ్ణుంచి కదల్లేదు. బాజి రెండో గ్లాసు తెచ్చాడు. అదీ చల్లారిపోయింది. ఎనిమిదీ పన్నెండుకి కుర్చీలోంచి లేచాడు. గంటా ఇరవై రెండు నిమిషాలు. నోట్‌బుక్‌లో రెండు అంకెలు వేసి మూశాడు.

మళ్ళీ తెరిచి కృపావరం సంతకం చూశాడు.

పొరపాటు అయి ఉంటుంది అనుకున్నాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఒక మాట అటూ ఇటూ చెప్తాడు. అలా అనుకుంటూనే గట్టుదారి పట్టాడు. రాళ్ళ మీద రత్నరాజు వేసిన తెల్లటి బాణం గుర్తులు, ఒక్కొక్కటీ కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి. బందరులో పుట్టిపెరిగినవాడికి ఎత్తంటే కాలవగట్టే. చివరి ఎక్కుడు ఎక్కేసరికి దయానందానికి రొప్పు వచ్చింది. వాచీ చూశాడు. బంగళా నుంచి గద్దబండకు ఇరవై ఆరు నిమిషాలు.

తిరిగొచ్చాక బల్ల మీద రత్నరాజు వస్తువులన్నీ పరిచాడు.

"పంచనామాలో 'టార్చిలైటు ఒకటి, వెలగనిది' అని రాశారు, గోవర్ధనరావుగారూ. నొక్కి చూశారా?"

"నొక్కే పనే లేదండి. స్విచ్చి ముందుకే ఉంది. అయినా వెలగడం లేదు. అందుకే అలా రాశాం."

"ఎవరూ ముట్టుకోలేదుగా?"

"నేనే రుమాలుతో తీశాను."

దయానందం బాజిని పిలిచాడు. బాజికి అరవై దాటాయి. భుజాన తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ లైటు వెలిగేదా?"

"వెలక్కపోవడమేంటి బాబూ? బుధవారం సాయంత్రం కొత్త బ్యాటరీలు నేనే వేసిచ్చాను. తెల్లారకుండా వెళ్తానన్నారు రత్నరాజుగారు. వెలుగొచ్చే వేళకి బండ మీద ఉంటే తూర్పుకొండ అంచు బాగా కనపడుద్దంట, బొమ్మ గీసుకోవాలని."

"నువ్వు లేచిందెప్పుడు?"

"ఆరున్నరకి."

"కృపావరంగారు?"

"నేను లేచేసరికే దుప్పటి కప్పుకుని వరండాలో ఉన్నారు."

"రత్నరాజుని బండ మీద చూశావా?"

"చూశాను బాబూ."

"నీ కళ్ళతో?"

బాజి తువ్వాలు నలిపాడు. "సారు వేలు పెట్టి 'అదుగో మన రత్నరాజు, చెయ్యి ఊపుతున్నాడు చూడు' అన్నారు. ఔనండి అన్నాను. నా కళ్ళకి ఆ దూరం ఆనదు బాబూ. సారంతటివారు ఉన్నాడంటుంటే లేడని ఎట్టా అంటాను?"

యాకూబ్ వంతు వచ్చింది. ముప్ఫై ఏళ్ళవాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆరున్నరకి వెళ్ళారు. తొమ్మిదింటికి వచ్చారు. ఎన్ని ఫొటోలు తీశారు?"

"మూడు సార్."

గోవర్ధనరావు అందుకున్నాడు. "రెండున్నర గంటలు అడవిలో తిరిగి మూడు ఫొటోలా? మొదటిది ఎప్పుడు తీశావు?"

"ఎనిమిదీ పావుకి. అప్పటిదాకా వెలుతురు చాల్లేదు. తీస్తే బొమ్మ నల్లగా వస్తుంది సార్, ఫిల్ము వేస్టు."

"జనవరిలో ఎనిమిదింటికి కూడా వెలుతురు చాలదా? ఎవరికి చెప్తున్నావు?"

దయానందం చెయ్యెత్తి ఆపాడు. "పోట్లాట దేనికి?"

"కృపావరంగారు చెరువు ఒడ్డున నిలబడిన ఫొటో పేపరు వాళ్ళకి కావాలన్నారు. కొత్తగా బోర్డు పెడుతున్నారుగా, మీ తమ్ముడుగారి సంగతి రాసి. నేను వచ్చిందే దానికోసం. రత్నరాజుగారు ఆ ఫొటో తియ్యొద్దన్నారు. ఎందుకంటే చెప్పరు. నాకు కోపం వచ్చింది, అరిచాను. నిజం సార్. కానీ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు."

"ఆ బోర్డు ఏది?"

సామాన్ల గదిలో గోడకి తిప్పి ఆనించి ఉంది. తెల్లరంగు వేసి, పెన్సిలు గీతలు గీసి ఉంది. 'ఇచ్చట తన ప్రాణములకు తెగించి' వరకు అక్షరాలు పడ్డాయి. ఆ తర్వాత పడాల్సిన పేరు లేదు. రాసిన అక్షరాలను కూడా రత్నరాజు చాకుతో గీకేశాడు.

చివరికి మ్యాపు. మూడు బాటలూ మూడు రంగుల్లో గీశాడు. ప్రతి మలుపూ, ప్రతి బండా ఉన్నాయి. ఉత్తరాన తూము దగ్గర, ఒడ్డుకి ఇరవై గజాల లోపల చిన్న ఇంటూ గుర్తు. పైదారి మీద ఒక చుక్క. చుక్క నుంచి ఆ గుర్తు దాకా సన్నటి చుక్కల గీత, ఎవరో పైనుంచి చూసినట్టు.

గీత పక్కన తేదీ. 9-2-57.

దయానందానికి ఆ తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు. తోమాసు సమాధి రాయి మీద ఉన్నది అదే.

మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తూము దాకా ఒక్కడే నడిచాడు. చాలాసేపు ఒడ్డున కూర్చున్నాడు. చెరువు నడిమధ్య ఎక్కడ, ఈ తూము ఎక్కడ? నడిమధ్యలో పోయాడని కృపావరం చెప్తే, అప్పట్లో ఎవరూ ఇక్కడికి వచ్చి చూడలేదు. దయానందం కూడా రాలేదు. రావలసిన అవసరం ఉందని తోచలేదు. అన్నయ్య చెప్పాడుగా.

* * *

శనివారం ఉదయం ఆరూ నలభై.

వరండాలో నాలుగు కుర్చీలు వేయించాడు. కృపావరం, యాకూబ్, గోవర్ధనరావు కూర్చున్నారు. బాజి కూర్చోనని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మంచు లేదు. ఆకాశం తెల్లబడింది.

"అన్నయ్యా, ఆ రోజు ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చున్నావుగా?"

"అక్కడే తమ్ముడూ."

ఆరూ యాభై అయింది.

"గద్దబండ మీదికి కానిస్టేబుల్ని పంపుతానని రాత్రి చెప్పాను. ఏం చేస్తున్నాడో చూసి చెప్పు."

అందరూ చూశారు. బండ నల్లటి ముద్దలా ఉంది. వెనక కొండంతా నీడ.

కృపావరం కళ్ళు చిట్లించాడు. "నిలబడ్డాడు."

"ఇంకా?"

"చెయ్యి... ఊపుతున్నాడు."

"కానిస్టేబుల్!" దయానందం వంటింటి వైపు తిరిగి పిలిచాడు.

టీ గ్లాసు చేత్తో పట్టుకుని కానిస్టేబుల్ బయటికి వచ్చాడు. శాల్యూట్ కొట్టాడు.

"ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకేశాయి తమ్ముడూ," అన్నాడు కృపావరం.

"అయి ఉండొచ్చు. దీన్ని నేను సాక్ష్యంగా రాసుకోను. కూర్చో. ఇంకో గంటా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఈలోపు టార్చిలైటు సంగతి మాట్లాడుకుందాం."

దాన్ని బల్ల మీద పెట్టాడు.

"పంచనామాలో 'వెలగనిది' అని రాశారు. అది చెడిపోయిన లైటు కాదు. బుధవారం సాయంత్రం బాజి కొత్త బ్యాటరీలు వేశాడు. స్విచ్చి ముందుకి ఉంది. అంటే రత్నరాజు చేతిలోంచి జారేటప్పుడు లైటు వెలుగుతూ ఉంది. శవం పక్కన పడి, ఎవరూ ఆర్పేవాళ్ళు లేక, బ్యాటరీలు అయిపోయేదాకా వెలిగింది. తెల్లవారిన తర్వాత లైటు వేసుకుని ఎవరు నడుస్తారు? రత్నరాజు పడింది చీకట్లో. ఆరు లోపే. అప్పటికి యాకూబ్ బంగళాలోనే ఉన్నాడు, ఆరున్నరకి బయల్దేరాడని చెప్పింది నువ్వే."

"నేను ఆరూ యాభైకి చూశాను!" కృపావరం లేవబోయాడు.

"కూర్చో అన్నయ్యా. అదే చూద్దాం."

ఏడయింది. ఏడున్నరయింది. బాజి టీ పోశాడు. ఎవరూ తాగలేదు. ఎనిమిదయింది. వెనక తూర్పుకొండ అంచు రాగిరంగుకి తిరిగింది. అవతల పడమటి కొండ శిఖరాన ఎండ పడింది. అక్కణ్ణుంచి మెల్లగా, చెట్టు తర్వాత చెట్టు, కిందికి దిగడం మొదలుపెట్టింది.

గద్దబండను తాకేసరికి ఎనిమిదీ పదకొండు. నల్లటి ముద్ద ఒక్కసారి పచ్చగా, పగుళ్ళతో సహా, స్పష్టంగా బయటపడింది.

గోవర్ధనరావు నోరు తెరిచాడు. యాకూబ్ నెమ్మదిగా, "నేను చెప్పింది ఇదే సార్," అన్నాడు.

"ఔను. మీరొక్కరే నిజం చెప్పారు. మేమే వినలేదు." దయానందం కృపావరం వైపు తిరిగాడు. "మనం బందరువాళ్ళం. సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. ఆరూ నలభైకి లేస్తే ఆరూ యాభైకి ఊరంతా ఎండ. మధ్యలో అడ్డం వచ్చేదేమీ లేదు. నువ్వు అబద్ధం ఆడేటప్పుడు బందరు సూర్యుణ్ణి తెచ్చి ఇక్కడ పెట్టావు. నేనూ బందరువాణ్ణే. ఏ అనుమానం లేకుండా రాసుకున్నాను. ఈ కొండ దాటి ఎండ ఆ బండ మీద పడాలంటే ఎనిమిది దాటాలి. ఆరూ యాభైకి ఆ కళ్ళజోడు తళుక్కుమనడం దేవుడి తరం కూడా కాదు."

కృపావరం నుదుట చెమట పట్టింది, అంత చలిలో.

"సుమారు అయిదూ పదికి అతనితో నువ్వే బయల్దేరి ఉండాలి. అయిదూ నలభైకల్లా బండ మీద ఉన్నారు. ఆరున్నర లోపల తిరిగి వచ్చి దుప్పటి కప్పుకున్నావు. బాజి చేత ఔననిపించావు. ఎందుకు చంపావో కూడా నేను చెప్పనా? నువ్వు చెప్తావా?"

మ్యాపు విప్పి ఆయన ఒళ్ళో పెట్టాడు.

కృపావరం ఆ చుక్కల గీత వెంట వేలు పోనిచ్చాడు. గుర్తు దగ్గర ఆగింది వేలు.

"పైదారి మీద వాడున్నాడని నాకు మొన్నటిదాకా తెలీదు," అన్నాడు చివరికి. "నాలుగేళ్ళు నా పక్కనే కూర్చుని స్టాఫ్ రూములో టీ తాగాడు. ఒక్క మాట అనలేదు. బోర్డు రాయమనేసరికి చెయ్యి రాలేదట. బండ మీద కూర్చుని చెప్పాడు. బందరు వెళ్ళగానే మార్తమ్మగారికి అంతా చెప్పేస్తానన్నాడు."

"ఏం చెప్తానన్నాడు?"

కృపావరం మ్యాపు మడవబోయాడు. దయానందం ఆపాడు.

"ఏం చూశాడు పైనుంచి?"

"దోనె తిరగబడింది. తూము దగ్గర లోతెక్కువ. ఇద్దరం దాన్నే పట్టుకున్నాం. తిరగబడ్డ దోనె ఇద్దర్ని మొయ్యదు తమ్ముడూ, మునిగిపోతోంది. నాకూ ఈత అంతంత మాత్రమే. తోమాసు నా బెల్టు పట్టుకున్నాడు. 'అన్నా, అన్నా' అంటున్నాడు..." ఆగాడు. "వేళ్ళు విడదీశాను. ఒక్కొక్కటీ."

గుమ్మం దగ్గర బాజి చెవులు మూసుకున్నాడు.

"మూడుసార్లు మునిగానన్నావు."

"మునగలేదు. గంట తర్వాత తూము లాగుడుకి వాడే మెట్ల దగ్గరికి కొట్టుకొచ్చాడు."

దయానందం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగేళ్ళ ఆదివారాలు. ఆ బల్ల దగ్గర తోమాసు కూర్చునే చోటే కూర్చున్నాడు ఈ మనిషి. చేపలపులుసు ఇంకొంచెం వెయ్యమ్మా అన్నాడు. ఆ చేతుల్తోనే తిన్నాడు.

"ఒక్క సంగతి అడుగుతాను. కేసుకి అక్కర్లేదు, నాకు కావాలి. ఎస్పీగారికి ట్రంక్ కాల్ చేసి నన్నే పంపమని ఎందుకడిగావు?"

కృపావరం మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఇంకొకడొస్తే నా మాట సరిచూస్తాడు. నువ్వు నమ్ముతావు."

వరండాలో ఎండ ఇంకా రాలేదు. దయానందం నోట్‌బుక్, మ్యాపు, టార్చిలైటు మూడూ తీసి గోవర్ధనరావు ముందు పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి కేసు మీది. ఎస్పీగారికి నేను రాస్తాను. చచ్చినవాళ్ళలో ఒకడు నా తమ్ముడు. ఇక నేను ఇందులో సాక్షినే. బేడీలు మీరు వెయ్యండి."

"అమ్మకి చెప్పకు తమ్ముడూ," అన్నాడు కృపావరం, చేతులు ముందుకి చాపుతూ. "ఉరి పడినా ఫరవాలేదు. అమ్మకి మాత్రం చెప్పకు."

దయానందం మెట్లు దిగి జీపు దగ్గరికి నడిచాడు. వెనక్కి తిరగలేదు. యాకూబ్ కెమెరా సంచీ భుజాన వేసుకుని వెనకే వచ్చి, ఏమీ అడక్కుండా పక్క సీట్లో కూర్చున్నాడు.

* * *

బందరు చేరేసరికి సాయంత్రం అయిదు.

మార్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. కొడుకు మొహం చూడగానే చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"అన్నయ్య రాలేదేంరా?"

దారి పొడవునా ఎలా చెప్పాలో అనుకుంటూనే వచ్చాడు. ఏ మాటా పనికిరాలేదు. పక్కన కూర్చుని, పోలీసు రిపోర్టు చదివినట్టు మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. దోనె. తూము. బెల్టు. వేళ్ళు. బండ మీద రత్నరాజు. ఒక్కటీ దాచలేదు. ఈ ఇంట్లో ఇక దాచినవి చాలనుకున్నాడు.

ఆవిడ ఏడవలేదు.

"అయితే నా బిడ్డ చివరిదాకా పట్టుకునే ఉన్నాడన్నమాట," అంది.

"ఉన్నాడమ్మా."

"వాడంతట వాడు వదల్లేదు."

"వదల్లేదు."

"నాలుగేళ్ళు ఆ కృపావరం పేరు పెట్టి ప్రార్థన చేశానురా. నీ పేరుకన్నా ముందు వాడి పేరు. ఆ ప్రార్థనలన్నీ ఎక్కడికి పోయినట్టు?"

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. చర్చి వైపు నుంచి ఆదివారం పాటల ప్రాక్టీసు వినిపిస్తోంది.

"రత్నరాజు పెళ్ళాం, రాజమ్మ. ఆ పిల్ల దగ్గరికి ఎవరన్నా వెళ్ళారా?"

"శవం అప్పగించడానికి కానిస్టేబుల్ వెళ్ళాడు."

"కానిస్టేబుల్ కాదురా. మనుషులెవరన్నా?"

"తెలీదమ్మా." ఆగి అన్నాడు, "రత్నరాజు కూడా నాలుగేళ్ళు దాచాడమ్మా. కళ్ళారా చూసి, మనింటి ముందు నుంచే రోజూ స్కూలుకి వెళ్ళాడు. ఒక్కరోజు కూడా లోపలికి రాలేదు."

"విన్నాను. చెవులున్నాయి నాకు."

మార్తమ్మ చేట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. పైటచెంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"రత్నరాజుని క్షమిస్తానో లేదో నాకే తెలీదు. అది తర్వాత. ఇప్పుడా పిల్ల ఒక్కతే కూర్చుని ఉంటుంది," అంది. "పద. చీకటి పడకముందే వెళ్దాం."